చెల్లని పేరు

మీ పేరు అడిగి, మీరు చెప్పాక "అది పేరే కాదు" అన్నవాణ్ణి ఎప్పుడైనా చూశారా? ఎంత కోపిష్ఠి గుమాస్తా అయినా అంతమాట అనడు. మహా అయితే విసుక్కుంటాడు, తనకు తోచిన స్పెల్లింగుతో రాసుకుంటాడు, ఆ తర్వాత జన్మంతా ఆ స్పెల్లింగుతోనే మనం కాపరం చేస్తాం. అంతేగాని పేరు పేరు కాదనడు. ఆ సాహసం చేసేది ఒక్క కంప్యూటరు తెరమీది దరఖాస్తే. గడిలో పేరు కొట్టి కింద మీట నొక్కగానే, గడి చుట్టూ ఎర్రగీత ఒకటి పుట్టుకొచ్చి "చెల్లని పేరు" అంటుంది. చెల్లని కాసు అంటే విన్నాం. చెల్లని చెక్కు చూశాం. పేరు చెల్లకపోవడమేమిటండీ! బారసాలనాడు పళ్లెంలో బియ్యంపోసి రాసిన పేరు, ఊరంతా పిలిచిన పేరు, పెళ్లి శుభలేఖలో అచ్చయిన పేరు!

నవ్వి ఊరుకోవలసిన సంగతిలాగే ఉంటుంది. కాని కాస్త ఆగి చూస్తే ఇందులో ఒక ధర్మసందేహం దాగి ఉంది. జవాబు ఎలా ఉండాలో ముందుగానే నిర్ణయించే హక్కు అడిగేవాడికి ఎంతవరకు ఉంటుంది? నిజం చెబితే పుచ్చుకోని ప్రశ్నకు మనం అబద్ధం చెప్పి బయటపడితే, ఆ అబద్ధం ఎవరి ఖాతాలో పడుతుంది?

ముందు ఈ యంత్రం ఎలా పనిచేస్తుందో రెండు ముక్కలు చెప్పుకోవాలి. మా మేనకోడలు హైదరాబాదులో ఈ ఉద్యోగమే చేస్తుంది. దాని దగ్గర విన్న సంగతులే ఇవి. ఇప్పుడు వెబ్‌సైటు కట్టేవాళ్లెవరూ మొదటి ఇటుక నుంచి కట్టరట. పునాది, స్తంభాలు, తలుపులు తయారుగా ఉన్న చట్రం ఒకటి తెచ్చుకుని, లోపల గదులు తమకు కావలసినట్టు సర్దుకుంటారు. ఆ చట్రాలను ఫ్రేమ్‌వర్కులంటారు. 2004లో వచ్చిన రైల్స్, 2005లో వచ్చిన జాంగో, 2011లో వచ్చిన లారవెల్ - ఇవి బాగా వాడుకలో ఉన్నవి. పేర్లు విని బెదిరిపోకండి. జాంగో అన్నది ఒక గిటారు విద్వాంసుడి పేరు. ఆ చట్రం పుట్టింది అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో, ఒక వార్తాపత్రిక ఆఫీసులో.

ఈ చట్రాలతోపాటు ఒక ద్వారపాలకుడు ఉచితంగా వస్తాడు. దరఖాస్తులో ఏ గడికి ఏ నియమమో మనం ఒక్కొక్క వరుసలో రాసిపెడితే చాలు, మిగతా కాపలా అతనే చూసుకుంటాడు. పేరు: తప్పనిసరి, కనీసం రెండక్షరాలు, మించితే యాభై, అక్షరాలు తప్ప మరేమీ ఉండరాదు. అంతే! వంటింట్లో డబ్బాలకు చీటీలు అంటించినంత తేలిక. అంత తేలిక కాబట్టే ఎవరూ దాన్నిగురించి రెండోసారి ఆలోచించరు.

అయితే ఈ ద్వారపాలకుడు జల్లెడలాంటివాడు. జల్లెడకు పరిమాణం తెలుసు, పదార్థం తెలియదు. రవ్వంత ఇసుక ఉంటే అది రవ్వతోపాటే దిగిపోతుంది. 1972 ఆగస్టు 15న మనకు పిన్‌కోడు వచ్చింది. ఆరంకెలు, మొదటి అంకె సున్నా కాకూడదు. మీరు విజయవాడలో కాపరముంటూ వరంగల్లు పిన్‌కోడు వేశారనుకోండి, అంకెలు లెక్కపెట్టే నియమానికి ఆక్షేపణ ఏమీ ఉండదు. ఆరూ సరిగ్గా ఉన్నాయి కదా! నియమం అడిగేది "ఇది నిజమా?" అని కాదు. "నేను ఊహించుకున్న అచ్చులో ఇది పడుతుందా?" అని. ఈ తేడా మాత్రం మరిచిపోకుండా ఉంటే చాలు.

ఇప్పుడు ఆ అచ్చు ఎవరి ఊహలోంచి వచ్చిందో చూద్దాం. "అక్షరాలు మాత్రమే" అన్న నియమాన్ని చాలామంది ఇంగ్లీషు ఎ నుంచి జెడ్ వరకు అని రాసేస్తారు. అక్కడ మీరు తెలుగులో సీత అని కొడితే "దయచేసి అక్షరాలు మాత్రమే వాడండి" అని సలహా వస్తుంది. మరి మనం వాడినవి ఏమిటో! సరే, ఇంకొకాయన ఉదారంగా ప్రపంచంలోని అక్షరాలన్నీ రావచ్చునని రాశాడనుకుందాం. అప్పుడింకా చిత్రం. ప్రపంచంలోని లిపులన్నిటికీ కలిపి యూనికోడ్ అని ఒక పట్టిక ఉంది. అందులో క, మ, ల వగైరాలు "అక్షరాలు." గుడి, కొమ్ము, ఏత్వం, సున్న, పొల్లు - ఇవి అక్షరాల తరగతిలో లేవు. "గుర్తులు" అని వేరే తరగతి. అంచేత ఆ ఉదారుడి నియమం కింద రమకు, కమలకు, ఉమకు, సరళకు ప్రవేశం ఉంది. అన్నీ తలకట్టు పేర్లే గదా. సీత, విమల, ఇందిర మాత్రం గుమ్మం బయటే నిలబడాలి! నేను వేళాకోళానికి అనడం లేదు. జాంగో చట్రాన్ని రాసిన పైథాన్ భాషలో "ఇవన్నీ అక్షరాలేనా?" అని అడిగే సాధనం ఒకటుంది. దానికి కమలను చూపిస్తే అవునంటుంది, విమలను చూపిస్తే కాదంటుంది. ఒక్క గుడి తేడా. లారవెల్‌వారు తమ తయారీ నియమంలో అక్షరాలతోపాటు గుర్తులనూ కలుపుకున్నారు. అక్కడ సీతమ్మకు అడ్డులేదు.

పేరు పొడుగు సంగతి ఇంతకంటె వింత. లక్ష్మి అన్నది మన కంటికి రెండక్షరాలు. యూనికోడ్ లెక్కలో 7. కంప్యూటరు దాచుకునేటప్పుడు, మామూలుగా వాడే పద్ధతిలో, 21 బైట్లు. నియమం రాసినాయన బైట్లు లెక్కపెట్టి 20 దాటరాదన్నాడనుకోండి, లక్ష్మి పేరు మరీ పొడుగైపోయిందని తిరగ్గొడుతుంది. ఇక వెంకటసూర్యనాగమహాలక్ష్మి గారి గతేమిటో మీరే ఊహించుకోండి.

ఇందులో దురుద్దేశం ఎవరికీ లేదు, పాపం. నియమం రాసేవాడు తన పేరు తలుచుకుంటాడు, పక్క కుర్చీలో వాడి పేరు తలుచుకుంటాడు, లోకమంతా అలాగే ఉంటుందనుకుంటాడు. ఈ అవస్థ మన ఒక్కరిదే అనుకోకండి. జాన్ గ్రాహమ్ కమింగ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు ఇంటిపేరులో రెండు మాటల మధ్య ఒక అడ్డగీత ఉంది. మీ ఇంటిపేరులో చెల్లని గుర్తులున్నాయని కంప్యూటర్లు ఆయనతో అంటున్నాయని 2010లో విసుక్కుంటూ రాశాడు. అది చదివి పాట్రిక్ మెకెంజీ అనే ప్రోగ్రామరు, పేర్లగురించి తనతోటివాళ్లు నమ్మే పొరపాట్లు 40 పోగుచేసి జాబితా వేశాడు. ప్రతి మనిషికీ ఒకే పేరుంటుందనుకోవడం, పేరు మారదనుకోవడం, మొదటి పేరు - చివరి పేరు అని అందరికీ రెండు ముక్కలుంటాయనుకోవడం, ఇలాంటివి.

మన ఆడవాళ్లకు ఆ జాబితా చదివితే నవ్వొస్తుంది. పేరు మారదట! పుట్టింట ఒక ఇంటిపేరు, మెట్టినింట ఇంకొకటి, పదో తరగతి సర్టిఫికెట్టులో ఒక తీరు, రేషన్ కార్డులో ఇంకొక తీరు. ఈ రెండూ అక్షరం పొల్లుపోకుండా కలవాలని ఒక నియమం. ఇక మొదటి పేరు, చివరి పేరు అనే లెక్క మనకు తలకిందులు. మనకు ఇంటిపేరే ముందు వస్తుంది, పెట్టినపేరు తర్వాత. "చివరి పేరు" అన్న గడిలో ఏం రాయాలో తెలియక, దరఖాస్తు దరఖాస్తుకూ ఒక రకంగా రాసేవాళ్లు మన ఇళ్లల్లో ఎంతమంది లేరు! అమెరికా వెళ్లిన మన పిల్లలు అక్కడ వెంకటలు, నాగలు, శ్రీలు అయిపోతున్నారంటే కారణం ఇదే. పేరులో మొదటి ముక్కే పిలిచే పేరనుకుంటుంది ఆ గడి. అసలు ఒకే ముక్క పేరున్నవాళ్లకు అమెరికా వీసాలో ఆ పేరును ఇంటిపేరు కింద వేసి, మొదటి పేరున్న చోట ఎఫ్.ఎన్.యూ. అని అచ్చువేస్తారు. మొదటి పేరు తెలియదు అని దానర్థం. ఎవరికి తెలియదు? ఆ మనిషికి తెలుసు, వాళ్లమ్మకు తెలుసు, ఊరికి తెలుసు. తెలియనిది గడికి. 2022 నవంబరులో ఎమిరేట్స్‌వారు ఒకే ముక్క పేరున్న పాస్‌పోర్టుతో సందర్శక వీసామీద రానివ్వమన్నారు. పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రిపేరో ఇంటిపేరో ఉంటే ఫరవాలేదని తర్వాత సడలించారనుకోండి. ఆ మధ్యలో టిక్కెట్టు కొనుక్కుని కూర్చున్నవాళ్ల గుండె దడ ఎవరు లెక్కవేస్తారు?

ఇప్పుడు అసలు సందేహానికి వద్దాం. ఇంటిపేరు గడి తప్పనిసరి అంది. మీకు రాయడానికి ఏమీ లేదు. ఏం చేస్తారు? చుక్క పెడతారు. లేదా పేరే రెండుసార్లు రాస్తారు. లేదా నాన్నగారి పేరు రాస్తారు. ద్వారపాలకుడు సంతోషంగా తలుపు తీస్తాడు. ఇందాక నిజం చెప్పినప్పుడు గెంటేసినవాడే ఇప్పుడు సలాం కొడుతున్నాడు! హరిశ్చంద్రుడు గనక ఈ దరఖాస్తు నింపవలసివస్తే కాటికాపరి ఉద్యోగం కూడా దక్కేది కాదు. శుక్రాచార్యులవారు బలిచక్రవర్తికి అబద్ధమాడినా తప్పులేని సందర్భాలు కొన్ని ఏకరువు పెట్టారు. వాటిలో దరఖాస్తులు నింపడం లేదు, అప్పటికి అవి ఉంటే చేర్చేవారే కాబోలు. నా మటుకు నేను ఇలా అనుకుంటాను: మనసారా నిజం చెప్పబోయినవాణ్ణి నిలేసి అబద్ధం పిండుకున్న నియమం ఏదైనా ఉంటే, ఆ అబద్ధానికి కర్త నియమం రాసినవాడే. చెప్పినవాడు నిమిత్తమాత్రుడు. చుక్క పెట్టిన ఆవిడ ఎవర్నీ మోసగించలేదు. పైగా ఆ చుక్క రేపు ఇంకో ఆఫీసులో ఆవిడ మీదికే సాక్ష్యంగా వస్తుంది, మీ పేరు అక్కడొకలాగ ఇక్కడొకలాగ ఉందేమని.

పేరు చుక్కతో పోయిందనుకుంటే, "తండ్రి పేరు" అనే గడి పక్కన ఉండే చిన్న ఎర్ర నక్షత్రం సంగతి చూడండి. నక్షత్రం అంటే తప్పనిసరి. బిడ్డను ఒంటిచేత్తో పెంచుకొచ్చిన తల్లి ఆ గడి ముందు కూర్చుంటే ఏమవుతుంది? వదిలిపెట్టి పోయినవాడి పేరు రాయాలి. అది ఇష్టంలేకపోతే పని జరగదు. ఆవిడ చెప్పే నిజానికి ఆ కాగితంమీద చోటు లేదు. పాస్‌పోర్టు దరఖాస్తులో తల్లి, తండ్రి, సంరక్షకులు - వీరిలో ఎవరో ఒకరి పేరు చాలునని 2016 డిసెంబరులో మార్చారు. పాన్ కార్డుకు, తల్లి ఒంటరిగా పెంచినవారైతే తల్లి పేరొక్కటే ఇచ్చే వీలు 2018 డిసెంబరు 5 నుంచి వచ్చింది. అందుకు ఎన్నేళ్లు, ఎన్ని అర్జీలు, ఎందరు తల్లుల మొర! మా మేనకోడలు చెబుతుంది: ఇలాంటి మార్పు లారవెల్‌లో రాయాలంటే, తండ్రి పేరు గడి ఎదుట "రిక్వైర్డ్" అని ఉన్నచోట "రిక్వైర్డ్ వితవుట్" అని, పక్కన తల్లి పేరు గడిని సూచించాలట. అంటే తల్లి పేరు లేకపోతేనే తండ్రి పేరు కావాలి అని. తల్లి గడికీ అటువంటిదే ఒకటి. కాఫీ చల్లారేలోగా అయ్యే పని. ఒక్కమాట చేర్చడానికి కాఫీ చల్లారేంతసేపు, ఆ మాట చేర్చవచ్చునని ఒప్పుకోవడానికి ఒక తరం.

ఇందులో ఇంకో కిటుకు కూడా ఉంది. జాంగోలో మీరేమీ చెప్పకపోతే దరఖాస్తులోని ప్రతి గడీ తప్పనిసరే. వద్దనుకుంటే వద్దని పనిగట్టుకుని రాయాలి. అంటే ఆలోచించకుండా కూర్చున్నవాడు తనకు తెలియకుండానే కఠినుడవుతాడు. లారవెల్‌లో తప్పనిసరి అన్న మాట రాసేవారే రాసుకోవాలి. ఒక ఇంట్లో అడక్కపోతే అన్నం పెట్టరు, ఇంకో ఇంట్లో వద్దనకపోతే వడ్డిస్తూనే ఉంటారు. ఇంటింటికీ తీరు వేరు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. నియమాలే అక్కర్లేదని నేను అనడం లేదు. ఆధార్ సంఖ్య చూడండి. 12 అంకెల్లో చివరిది మిగతా 11 అంకెలనుంచి లెక్కకట్టి పెట్టినది. వెర్‌హోఫ్ అనే డచ్చి గణితజ్ఞుడు 1969లో ప్రకటించిన లెక్క అది. ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు రెండు తారుమారైనా పట్టేస్తుంది. అద్దాలు ఎక్కడో పెట్టి మరిచిపోయిన పెద్దావిడ, పెన్షను కోసం అంకెలు కొడుతూ 69కి బదులు 96 కొడితే, అప్పటికప్పుడే "ఒకసారి చూసుకోండమ్మా" అనే నియమం ఎంత మేలు! అది లేకపోతే రెండు నెలలు తిరిగాక గాని తప్పెక్కడో తెలియదు. ఈ నియమం చెప్పేవాళ్ల పక్షాన నిలబడింది. వాళ్లు చెప్పదలచుకున్నదే చెప్పారా అని చూస్తోంది. ఇంటిపేరు గడి అలా కాదు, అది అడిగేవాడి సౌకర్యం పక్షాన నిలబడింది. రెంటికీ గుమ్మం దగ్గర వేషం ఒకటే, ఎర్రగీతా ఒకటే.

"మరి దొంగల సంగతో?" అంటారు. నిజమే, దొంగలున్నారు. పేరుకు బదులు కంప్యూటరుకు అర్థమయ్యే ఆజ్ఞ ఒకటి గడిలో రాసి, లోపలి పట్టికలు చెరిపేయించే ఘనులున్నారు. 2007లో రాండల్ మన్రో అనే అమెరికా వ్యంగ్యచిత్రకారుడు దీనిమీద ఒక బొమ్మ వేశాడు. ఒక తల్లి తన కొడుక్కి అలాంటి ఆజ్ఞ ఇమిడిన పేరు పెట్టింది. ఆ పేరు రాసుకోగానే బళ్లో ఆ ఏటి పిల్లల రికార్డంతా మాయం. బడివాళ్లు ఫోను చేసి మొత్తుకుంటే, ఆ తల్లి చల్లగా వాళ్లకే బుద్ధి చెబుతుంది. ప్రోగ్రామర్లందరికీ ఈ బొమ్మ కంఠోపాఠమట. అయితే దీనికి మందు పేర్లమీద ఆంక్షలు కాదు. వచ్చిన మాటను మాటగానే ఉంచి, ఆజ్ఞలో కలవనీయకుండా విడిగా అందించే పద్ధతి ఉంది. ఈ చట్రాలన్నిటిలోనూ ఆ ఏర్పాటు ముందే ఉంది. మన బీరువాకు తాళం వేసుకోవాలిగాని, పేరంటానికి వచ్చినవాళ్ల చేతులు కట్టేస్తామా? ఓబ్రయన్ అనే ఐర్లండు ఇంటిపేరులో ఓ తర్వాత ఇంగ్లీషులో పైన చిన్న కొక్కెం ఒకటుంటుంది. దొంగల భయంతో ఆ కొక్కేన్ని నిషేధించి, దొంగలకేమీ నష్టంలేకుండా ఓబ్రయన్లను ఏడిపించినవాళ్లున్నారు.

అన్నిటికంటె నాకు తమాషాగా తోచింది రైల్స్‌లోని ఒక సంగతి. అవును - కాదు అని జవాబు చెప్పే గడికి "జవాబు తప్పనిసరి" అన్న మామూలు నియమం తగిలిస్తే, ఎవరైనా "కాదు" అన్నప్పుడు ఆ ద్వారపాలకుడు ఖాళీగా వదిలేశారంటాడట! కాదు అన్నదాన్ని కూడా అతను ఏమీ లేకపోవడం కిందే జమకడతాడు. ఇలాంటి గడికి వేరే నియమం వాడమని రైల్స్ మార్గదర్శినిలోనే రాసిపెట్టారు. ఇది విని నేను ఆశ్చర్యపోలేదు. పెళ్లిచూపులైన మర్నాడు పిల్ల వద్దంటే "అమ్మాయి ఇంకా ఏమీ చెప్పలేదండీ" అని మగపెళ్లివారికి కబురంపే ఇళ్లు మనం ఎరగనివా?

మొన్న మా మేనకోడలు ఇంకో పని తెచ్చింది. లారవెల్‌లో తిరగ్గొట్టినప్పుడు చెప్పే మాటలన్నీ విడిగా ఒక ఫైల్లో ఉంచుకోవచ్చునట. ఇంగ్లీషులో ఉన్నవాటిని ఏ భాషలోకైనా మార్చుకోవచ్చు. తాము చేస్తున్న సైటు తెలుగువాళ్లకోసం కాబట్టి తెలుగు చేయాలి.

"చెల్లని పేరు అని రాశాం అత్తయ్యా, బాగుందా?" అంది.

"బాగాలేదు. చెల్లకపోవడానికి అదేమైనా రూపాయి నోటా?"

"పోనీ, పేరు తప్పు."

"తప్పని నీకెలా తెలుసే?"

కాసేపు ఆలోచించి, "అయితే నువ్వే చెప్పు" అంది.

"ఈ పేరు రాసుకోవడం మాకు చేతకాలేదు, అని రాయి."

అది పకపకా నవ్వింది. "అలా రాస్తే తప్పు మాదని ఒప్పుకున్నట్టవుతుంది. మా మేనేజరు ఊరుకుంటాడా?"

"మరి తప్పెవరిది?"

జవాబు చెప్పలేదు. మాటల ఫైలు మూసేసి నియమాల ఫైలు తెరిచింది. ఏదో చెరిపింది, ఏదో చేర్చింది. గడిలో సీత అని కొట్టింది. ఎర్రగీత రాలేదు. ఇందిర అని కొట్టింది, రాలేదు. "ఇంకా చెప్పు అత్తయ్యా, నీకు తెలిసిన పేర్లన్నీ చెప్పు, పొడుగువీ పొట్టివీ" అంది. మా వీధి చివరి ఇంటినుంచి మొదలుపెట్టాను.